తరుగు కింద పంపిన గొలుసు

జూన్ 4

అన్నయ్యకి,

ఫోన్ చేస్తే నువ్వు సగంలో పెట్టేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావని రాస్తున్నాను. బడికి సెలవులు కదా అని మా ఆయన మీ వైపు వస్తున్నారు. ఆయన చేతికి మా పాత టిఫిన్ క్యారియర్ ఇచ్చాను, బస్సులో ఎవరికీ అనుమానం రాకుండా. పై గిన్నెలో అమ్మ రోజూ వేసుకున్న సన్న గొలుసు ఉంది. మధ్య గిన్నెలో నేను గీసిన బొమ్మలు, అడుగు గిన్నెలో అమ్మ హారం. ఆయన లెక్కల మాస్టారు గనక దారిలో నాలుగుసార్లయినా మూతలు తీసి చూసుకుంటారు, నువ్వేం భయపడకు.

అమ్మ పోయి ఎనిమిది నెలలైంది. హారం నాకే అని అందరి ముందూ చెప్పింది, నువ్వూ తలూపావు. అప్పట్నుంచీ అది నా బీరువాలో పడి ఉంది. ఇరవై ఒక్క బిళ్ళలు, ఒక్కోటి బిస్కెట్టంత. అది వేసుకుని ఎక్కడికని వెళ్ళను? ఆస్పత్రిలో పొద్దస్తమానం జనం మెడలూ నడుములూ సరిచేసే మనిషిని. అది వేసుకుంటే సాయంత్రానికి నా మెడకే ఇంకొకరు కావాలి. అందుకని దాన్ని కరిగించి ఒక సన్న నెక్లెస్, చెవులకు చిన్న దుద్దులు, రెండు గాజులు చెయ్యి. డ్యూటీలో వేసుకునేలా ఉండాలి. మనిషి మీదికి వంగితే వేలాడకూడదు. అమ్మది ఏదో ఒకటి రోజూ నా ఒంటి మీద ఉండాలని నా కోరిక, అంతే.

మజూరీ తీసుకోవని తెలుసు. పనిలో పొడై పోయేది, మంటలో పోయేది ఉంటుంది కదా, ఆ తరుగు కింద సన్న గొలుసు ఉంచుకో. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. చివర ఉన్న దారం కత్తిరించి తీసేశాను, కరిగించేటప్పుడు అడ్డం లేకుండా.

వదిన మోకాలు ఎలా ఉంది? నేను చెప్పిన వ్యాయామం చెయ్యట్లేదని నాకు తెలుసు. ఇక్కడ పై వాటా వాళ్ళ పంపు కారి మా గోడంతా చెమ్మ.

నీ చెల్లెలు


జూన్ 13

పిచ్చుకకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి చదవబోతే మీ వదిన చేతిలోంచి లాక్కుంది, బీపీ పెరుగుతుందని.

నీ బొమ్మలు చూశాను. మా ఎదురుగా అద్దాల తలుపుల షాపు ఒకటి వచ్చింది, అక్కడ ట్రేలో పేర్చి అమ్మేది ఆ సరుకే. కావాలంటే అక్కడే కొనుక్కో. ఆ హారం మీద నేను కత్తెర పెట్టను. నాన్న జీవితమంతా చేసిన పని ఏమైందో తెలుసా నీకు? చేయించుకున్నవాళ్ళ పిల్లలు ఒక్కొక్కళ్ళే తెచ్చి, మాకు కొత్త మోడల్ కావాలని, ఈ కుంపట్లోనే వేయించుకున్నారు. వేసింది నేనే. అప్పుడల్లా నాన్న లేచి అవతలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. చివరికి మిగిలింది ఈ హారం ఒక్కటే. దాని మీద పువ్వుల చెక్కడం ఎప్పుడైనా దగ్గర పెట్టుకుని చూశావా? రేకుకీ రేకుకీ తేడా లేదు. ఆ పని నా చేతికి రాదు. రాదని నాకు తెలుసు, నాన్నకీ బతికుండగానే తెలుసు. అందుకే అది అలాగే ఉండాలి.

ఇంకో సంగతి. నాన్న నమూనాల పుస్తకంలో హారం ఇరవై నాలుగు తులాలని ఆయన చేత్తో రాసి ఉంది. బావ వెళ్ళాక తూచాను. ఇరవై రెండుకి పావు తక్కువ తూగింది. రెండుంపావు తులాల బంగారం గాలికి కొట్టుకుపోదు. ఎనిమిది నెలలు అది ఎవరి బీరువాలో ఉంది, ఆ తాళం ఎవరి దగ్గర ఉంటుంది? నేను ఎవర్నీ ఏమీ అనడం లేదు. అడుగుతున్నాను.

సన్న గొలుసంటావా, పై గిన్నె ముందు తీశాను. తరుగుకని బావ చెప్పాడు, కుంపటి వెలిగే ఉంది, కరిగించే మూసలో పడేశాను. నీ బొమ్మలు అప్పటికి చూడలేదు, చూసి ఉంటే దాన్నీ ముట్టుకునేవాణ్ణి కాదు. అయినా అందులో పనితనం ఏముంది? ఒక్క లంకె ఇంకో లంకెలా లేదు. ఎవరో పని నేర్చుకునే రోజుల్లో చేసినట్టుంది.

వదిన మోకాలు బాగానే ఉంది. నీ వ్యాయామం చేస్తే ఇంకా నొప్పి వస్తోందట.

అన్నయ్య


జూన్ 21

నగల దుకాణం యజమాని గారికి,

మా ఆయన మీ ఉత్తరం చదివారు. బీరువా తాళం తెచ్చి నా ముందు పెట్టి, ఇకనుంచి నీ దగ్గరే ఉంచుకో అని, సైకిలు తుడుచుకోవడానికి వెళ్ళిపోయారు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్కసారి గొంతు పెంచి ఎరగడు. ఆ తాళం బల్ల మీద పెట్టిన చప్పుడు నాకింకా వినిపిస్తోంది. అనడం లేదు, అడుగుతున్నానని రాశావు. సరే, నేనూ అడుగుతాను. మా ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు దాన్ని ఎవరూ తూచలేదు. తూచింది నువ్వు, నీ త్రాసులో, మా ఆయన గుమ్మం దాటాక. మరి బంగారం ఎక్కడ తగ్గినట్టు?

ఇక నాన్న చేతిపని. ఆ చేతిపని వేలాడింది ఎవరి మెడకి? నువ్వు పన్నెండేళ్ళకే కుంపటి ముందు కూర్చున్నావు, నీ వీపెప్పుడూ ఇంటివైపే. నేను వంటింట్లోంచి చూశాను. దుకాణంలోకి కాస్త కలిగినవాళ్ళు వస్తే నాన్న రెండుసార్లు దగ్గేవాడు. అమ్మ పొయ్యి మీద ఏముంటే అది దించేసి, చేతులు తుడుచుకుని, హారం వేసుకుని, మంచినీళ్ళ గ్లాసులు పట్టుకెళ్ళేది. పళ్ళెం బల్ల మీద పెట్టేటప్పుడు కావాలని కాస్త ఎక్కువ వంగాలి. అప్పుడు హారం ముందుకి ఊగుతుంది, వచ్చినవాళ్ళ కళ్ళు దాని మీద పడతాయి. అలా వంగమని నేర్పింది నాన్నే. ఒకరోజు లెక్కపెట్టాను, ఏడుసార్లు. ఆ సాయంత్రం అమ్మ బోర్లా పడుకుని మెడ పట్టమంది. వెనక గాడి పడి ఉండేది, వేలు పెడితే అందులో కూర్చునేది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ పని నేను కాలేజీలో నేర్చుకున్నాననుకుంటున్నావా?

అమ్మని షాపులో అద్దాల బీరువా చేసిన మనిషి, ఆమెకంటూ ఏం చేసిపెట్టాడు? నువ్వు మూసలో పడేసిన ఆ గొలుసు. అదీ పూర్తి గొలుసు కాదు. నా చిన్నప్పుడు ముందువైపు ఓ పదిహేను లంకెలు ఉండేవి, మిగతాదంతా అమ్మ కుట్టుపెట్టెలోని ఊదా రంగు దారం. బంగారప్పని చేసేవాడి భార్య మెళ్ళో దారం. నాతో చదివే పిల్లలు అడిగితే తల కొట్టేసినట్టుండేది. తర్వాత ముష్టి వేసినట్టు ఒక్కో లంకే వేసుకుంటూ వచ్చాడు. అమ్మ పోయేనాటికి కూడా వెనక బెత్తెడు దారం మిగిలే ఉంది. ఆయన పిసినారితనానికి అంతకంటే రుజువు వద్దు. అందుకే తరుగులో పారేశాను, పారేసినందుకు నాకేం బాధ లేదు.

హారం నాది. చెప్పిన పని చెయ్యి.

ఇంతే


జూన్ 30

మెడల డాక్టరమ్మ గారికి,

హారం మీ వదిన ఎదురుగా తూచాను. నేను దొంగనైతే ఆవిడా దొంగే. ఈసారి రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ రాయి.

ఏడుసార్లు లెక్కపెట్టావు, చాలా గొప్ప. ఆ ఏడుగురిలో ఇద్దరైనా పని ఇచ్చి ఉంటారు. ఆ పనితోనే ఇల్లు గడిచింది, దానితోనే నువ్వు పెద్ద చదువు చదివి, తెల్లకోటు వేసుకుని, ఇప్పుడు నాన్నకి శిక్ష వేస్తున్నావు. నా వీపు ఇంటివైపు ఉందన్నావు. ఉంది. కుంపటి అటువైపు ఉంటే వీపు ఇటే ఉంటుంది. నేను బడి మానేసి అక్కడ కూర్చున్నాను కాబట్టే నీకు వంటింట్లో కూర్చుని లెక్కపెట్టే తీరిక దొరికింది.

నాన్న ఆ హారాన్ని ఎలా చూసుకున్నాడో నీకేం తెలుసు? ఏడాదికొకసారి సెలవురోజున అమ్మ దగ్గర అడిగి తీసుకుని, దుకాణం లోపల గడియ పెట్టుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చునేవాడు. నన్ను కూడా లోపలికి రానిచ్చేవాడు కాదు. ఏం చేస్తున్నావు నాన్నా అని తలుపు కొడితే, తుడుస్తున్నాను అనేవాడు. చూపు మందగించేదాకా ఒక్క ఏడాది మానలేదు. అంత ప్రాణంగా చూసుకున్న వస్తువు నా చేత్తో కరిగించమంటున్నావు.

నా చేత్తో జరగదు. పదిహేను రోజుల్లో మా బావమరిది అటు వస్తాడు, అతనికిచ్చి పంపుతాను. నీ ఇష్టం వచ్చినవాడి చేత చేయించుకో. ఆ తర్వాత మనిద్దరికీ మాట్లాడుకోవాల్సింది ఏమీ ఉండదు.

అన్నయ్య


జూలై 8

నీకు,

పైన ఇంకేం రాయాలో తోచలేదు.

పంపించెయ్యి. మా ఆస్పత్రి వీధిలో ఒకాయన ఉన్నాడు, నా బొమ్మలు చూపించాను. కరిగించడానికి ఒక పూట, చెయ్యడానికి మూడురోజులట. ఆయనకి మా నాన్న ఎవరో తెలియదు. అదే నాకు హాయిగా ఉంది.

నువ్వు బడి మానేసిన సంగతి ఇన్నాళ్ళూ దాచుకుని ఇప్పుడు నా మొహాన కొట్టావు. నేను మానిపించానా? నాకప్పటికి ఆరేళ్ళు. మానిపించింది ఎవరో నీకూ తెలుసు, ఆయన మీద మాత్రం నీకు కోపం రాదు. వచ్చినదంతా నా మీదికే మళ్ళిస్తావు.

ప్రాణంగా చూసుకున్నాడని రాశావు. వస్తువుని చూసుకున్నాడు. మనిషిని నేను చూసుకున్నాను. చివరి నెలలో అమ్మకి మతి నిలకడగా లేదు. మంచం మీద పడుకుని ఆ గొలుసు బొటనవేలితో తడుముతూ లంకెలు లెక్కపెట్టేది. ఇది అన్నయ్య చెయ్యి విరిగిన ఏడు, ఇది నువ్వు పుట్టిన ఏడు, ఇది వానకి దొడ్డిగోడ కూలిన ఏడు. ముప్పై తొమ్మిది దాకా వెళ్ళి, దారం తగలగానే ఆగి, ఇక్కడ ఆయన చూపు పోయింది అనేది. మళ్ళీ మొదటికి వచ్చేది. రోజంతా ఆస్పత్రిలో నిలబడి వచ్చి, ఇంటికొచ్చాక ఈ లెక్క వినలేక, పడుకోమ్మా ఇక అని రెండుమూడుసార్లు విసుక్కున్నాను. ఇరవై నాలుగు తులాల హారం బీరువాలో ఉంటే, ఆ మనిషి ఆ వంకర లంకెలు లెక్కపెట్టుకుంటూ పోయింది. నీ నాన్న చేతిపనికి ఫలితం అది.

మీ బావమరిది ఏ రోజు వస్తాడో రాస్తే చాలు.


జూలై 17

పిచ్చుకా,

బావమరిది వచ్చి ఖాళీ చేతులతో వెళ్ళాడు. హారం నా దగ్గరే ఉంది. కోప్పడే ముందు ఇది చదువు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. హారాన్ని దూదిలో చుడుతున్నాను. చుట్టాలంటే బోర్లించాలి కదా, బోర్లించాను. ఏ వస్తువు చేతికి వచ్చినా ముందు వెనక్కి తిప్పి చూడమనేది నాన్న నాకు చెప్పిన మొదటి పాఠం. పనివాడి గుట్టంతా వెనకే ఉంటుంది. ఊరందరి వస్తువులూ తిప్పి చూశాను. ఇది నలభై రోజులుగా నా దగ్గర ఉంది, తూచాను, లెన్సు పెట్టి పువ్వులు చూసి మురిశాను, తిప్పలేదు. నాన్న పని కదా, అందులో చూసేదేముందని.

బిళ్ళలు వెనక గీకి ఉన్నాయి. సన్న ఉలితో, గరిటె లోపలి భాగంలా గుంటగా గీకి, మళ్ళీ నున్నగా మెరుగు పెట్టి ఉన్నాయి. ముందునుంచి చూస్తే దేవుడికి కూడా తెలియదు. పద్దెనిమిది బిళ్ళలు అలా ఉన్నాయి. నడిమి మూడింటిని మాత్రం ముట్టుకోలేదు. ఆ ఉలి పట్టు ఎవరిదో నాకు వేరే చెప్పనక్కర్లేదు. నేను తలుపు కొట్టినప్పుడు తుడుస్తున్నానన్న మనిషి లోపల చేస్తున్న పని ఇది.

తగ్గింది రెండుంపావు తులాలని నీకు రాశాను. నా చిట్టాలో తిరగేశాను. ఏది మూసలో వేసినా ముందు తూచి రాసుకోవడం నాకు అలవాటు. అమ్మ గొలుసు రెండుంపావు తులాలు.

నీ ఉత్తరం మళ్ళీ తీశాను. ముప్పై తొమ్మిది లంకెలు, ఏడాదికొకటి. ఒక సెలవురోజున గీకితే వచ్చే పొడి చిటికెడే. కమ్మచ్చు చిల్లుల్లోంచి తీగ లాగేంత బంగారం అందులో ఉండదు, కరిగించి చిన్న సుత్తితో సాగదీసి చేత్తో వంచాల్సిందే. అందుకే ఒక్కటి ఇంకోదానిలా లేదు. అమ్మకి మతి తప్పలేదే. ఆవిడ నీకు ఉన్నదున్నట్టు చెప్పింది. నువ్వు పడుకోమన్నావు, నేను పనితనం లేదన్నాను.

నాన్నని వెనకేసుకు రావడం లేదు. రెండుసార్లు దగ్గడం మానేస్తే సరిపోయేది, ఇంత ఉలిపని అక్కర్లేదు. ఆ ఒక్కటీ చెయ్యలేదు. మెడ మీద బరువు పెట్టిందీ ఆయనే, దొంగలా దాన్ని తగ్గించిందీ ఆయనే. నిన్నటినుంచి ఆయన మీద నాకు వస్తున్న కోపం ఇంతా అంతా కాదు. చెప్పి ఉంటే ఏం పోయేది? నేను తలుపు అవతలే ఉన్నాను.

గొలుసు నువ్వు పంపావు, నేను కరిగించాను. ఇప్పుడది కుంకుడుగింజంత ముద్ద, నా బల్ల మీద ఉంది. బావకి వేరే ఉత్తరం రాస్తున్నాను. ఏ మొహం పెట్టుకుని రాయాలో తెలియక రెండు కాయితాలు చించాను.

అన్నయ్య


జూలై 26

అన్నయ్యకి,

నీ ఉత్తరం ఆస్పత్రిలో, ఇద్దరు పేషెంట్ల మధ్య చదివాను. తర్వాత వచ్చినావిడకి మెడనొప్పి. ఆవిడ మెడ మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయాను. ఏంటమ్మా, అంత ప్రమాదమా అని ఆవిడే భయపడింది.

నిన్ను దొంగ అన్నాను. ఆ ఒక్క మాటా వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా ఏదీ తీసుకోను. నాన్న మీద నా కోపం పిసరంత కూడా తగ్గలేదు, పైగా రెట్టింపైంది. ఇప్పటిదాకా ఆయన్ని హాయిగా తిట్టుకునేదాన్ని, ఆ హాయి కూడా పోయింది. నీ మీద కోపం, చూడకుండా మూసలో వేసినందుకు. నా మీద ఎంత కోపమో రాయడానికి నాకు చేతకాదు. అమ్మది ఏదో ఒకటి రోజూ ఒంటి మీద ఉండాలని నీకు రాశాను. అలా ఉండాల్సినదాన్ని పై గిన్నెలో పెట్టి నేనే పంపాను. హారాన్ని మనిషి మొయ్యగలిగేలా మార్చడం నలభై ఏళ్ళకు ముందే ఆ ఇంట్లో మొదలైందని నాకేం తెలుసు? నేను పెన్సిల్ పట్టుకుని బొమ్మలు గీశాను.

ఆ బొమ్మలు చింపెయ్యి. హారం కరిగించొద్దు. మా వీధి ఆయనకి వద్దని చెప్పేశాను.

నడిమి మూడు బిళ్ళలు మిగిలాయన్నావు కదా, వాటి వెనక గీకు. నాన్న ఉలితోనే. ఒక్కో లంకే చెయ్యి. ఏడాదికొకటి అంటే నేను ఆగలేను, నా మీద కోపం వచ్చినప్పుడల్లా ఒకటి చెయ్యి. ఆ లెక్కన ముప్పై తొమ్మిదీ తొందరగానే అవుతాయి. బిళ్ళలది చాలకపోతే ఆ ముద్దలోంచి తీసుకో. అప్పటిదాకా అది నీ బల్ల మీదే, నీ కళ్ళకి కనిపించేలా ఉండనీ. నీ గొప్ప పనితనం చూపించి నున్నగా చేశావంటే వెనక్కి పంపుతాను.

ఊదా దారం పారేద్దామని కత్తిరించాను గానీ పారెయ్యలేదు. అమ్మ కుట్టుపెట్టెలో ఉంది. బెత్తెడుంది, సరిగ్గా.

మీ ఉత్తరం అందిందని, చదివి జేబులో పెట్టుకున్నానని మా ఆయన చెప్పమన్నారు. తాళం నేనే తీసుకెళ్ళి ఆయన జేబులో వేశాను.

నీ చెల్లెలు


ఆగస్టు 30

పిచ్చుకా,

మొదటి లంకె ఈ కవరులో ఉంది. కాయితం మడతలో దూది పెట్టాను, విప్పేటప్పుడు జాగ్రత్త.

సెలవురోజున లోపల గడియ పెట్టుకుని కూర్చున్నాను. నాన్న ఉలి పిడి అరిగి ఆయన వేళ్ళకి తగ్గట్టు అయిపోయింది, నా వేళ్ళు అందులో కుదరలేదు. గీకడానికే మధ్యాహ్నమైంది. అన్నానికి రమ్మని మీ వదిన తలుపు కొట్టి, ఏం చేస్తున్నారని అడిగింది. తుడుస్తున్నాను అన్నాను. ఎందుకలా అన్నానో నాకూ తెలియదు.

ఇంత చిన్న ముక్కని సుత్తితో సాగదీసి వంచడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది. మూడుసార్లు విరిగింది. నాలుగోసారి నిలబడింది గానీ వంకరగా వచ్చింది. కావాలని చేసింది కాదు.

అన్నయ్య